‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే అంటారు

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. ఉద్యోగం చేసుకుంటూనే కిందటేడాది నుంచి పియానో నేర్చుకుంటున్నాను. ఇంట్లో ఉన్నది 61 మెట్ల కీబోర్డు. ఈమధ్యే మొదటిసారి సొంతంగా ఒక చిన్న పీస్ కట్టాను. ‘ఏ’ (A) మైనర్‌లో, బార్‌కి నాలుగు బీట్లు, మెట్రోనోమ్ 72 (నిమిషానికి 72 బీట్లు), మొత్తం 48 బార్లు. కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) నాలుగే: ఏ మైనర్, ఎఫ్, సీ, జీ. బార్‌కొకటి చొప్పున అవే తిరుగుతుంటాయి. మొదటి నాలుగు బార్లు కార్డ్స్ మాత్రమే, అయిదో బార్ నుంచి కుడిచేతిలో ట్యూన్ మొదలవుతుంది. సగం నుంచి బరువు రావాలని ఎడమచేతి కార్డ్స్‌ని ఒక ఆక్టేవ్ (అదే స్వరం మళ్ళీ వచ్చేంత దూరం) కిందికి దించాను. నొటేషన్ కంప్యూటర్‌లో రాశాను, ఆ సాఫ్ట్‌వేర్ వాయించిన ఆడియోనే అందరికీ పంపాను.

స్నేహితులు ‘సూపర్’ అన్నారు. ఒకాయన ‘సినిమాలో పెట్టుకోవచ్చు’ అన్నాడు. మా అక్క చివరిదాకా విని ‘అయిపోయిందా?’ అంది. సంగీతం చదువుకుంటున్న ఒకమ్మాయి మాత్రం ‘నిండా పారలెల్ ఫిఫ్త్స్ ఉన్నాయి, ముందు థియరీ చదువు’ అంది. ఆ మాటతో వారం రోజులు కీబోర్డు ముట్టుకోలేదు. నొటేషన్, ఆడియో మీకూ పంపుతున్నాను. మొహమాటం లేకుండా చెప్పండి, ఎలా ఉంది? ఇలాంటివాటి మీద అభిప్రాయం ఎవర్ని అడగాలి, ఎలా అడగాలి?

— పేరు రాయొద్దన్న పాఠకురాలు

జవాబు: మీకొచ్చిన అభిప్రాయాలన్నిటిలోకీ పనికొచ్చేది మీ అక్కగారిదే. ‘అయిపోయిందా?’ అన్నదాన్ని మీరు వెటకారం కింద జమకట్టినట్టున్నారు. కాదు. ఆవిడ 48వ బార్‌లో ఉన్న లోపాన్ని వేలు పెట్టి చూపించింది.

మీ నాలుగు కార్డ్స్ వరసలో ఆఖరిది జీ. అది వచ్చిన ప్రతిసారీ వెంటనే ఏ మైనర్ వస్తూ పోయింది. అలా పదకొండుసార్లు అలవాటు చేసి, పన్నెండోసారి జీ దగ్గరే వదిలేశారు. చెవి ఏ మైనర్ కోసం చూస్తూ ఉండిపోయింది. మీ అక్కగారికి కార్డ్ పేర్లు తెలియకపోవచ్చు, ఆ ఎదురుచూపు మాత్రం తెలిసింది. కావాలనే అలా గాల్లో వదిలే పీసులూ ఉంటాయి, అది వేరే సంగతి. మీ నొటేషన్‌లో 48వ బార్ తర్వాత ఏమీ లేదు, ముందు దానికి తయారు చేసిన జాడా లేదు. ఎక్కడ ఆపాలో తెలియక ఆపినట్టుంది.

ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. 48వ బార్‌లో జీ బదులు ‘ఈ’ (E) మేజర్ కార్డ్ పెట్టండి, 49లో ఏ మైనర్. ఈ మేజర్‌లో ఈ, జీ షార్ప్, బీ ఉంటాయి. 47వ బార్‌లో మీ ట్యూన్ జీ దగ్గర దిగుతోంది కదా, ఆ జీ నుంచి పక్కనున్న నల్ల మెట్టు జీ షార్ప్, అక్కణ్ణుంచి ఏ. ఒక్కో అరస్వరం చొప్పున పైకి జరిగి ముగుస్తుంది. మైనర్‌లో ముగింపుకి ఆ జీ షార్ప్ ఎంత బలమో వాయించి చూస్తే తెలుస్తుంది. పీస్ అంతటిలో అది ఇంకెక్కడా లేదు కాబట్టి ఇక్కడ మరీ ఖణేల్మంటుంది. నచ్చకపోతే తీసేయండి. కానీ ఒకసారి విని తీసేయండి.

ఇక అసలు ప్రశ్న. మీరు అందర్నీ ఒకటే అడిగారు: ‘ఎలా ఉంది?’ నన్నూ అదే అడిగారు. ఆ ప్రశ్నకి లోకంలో ఉన్న జవాబులు రెండే. మీరంటే ఇష్టమున్నవాళ్ళు బాగుందంటారు, తమకి తెలిసినది చూపించుకోవాలనుకునేవాళ్ళు బాగాలేదంటారు. రెండిట్లో ఏది విన్నా రేపు పొద్దున కీబోర్డు ముందు కూర్చుని ఏ బార్ మార్చాలో తెలియదు. మొదటి పీస్‌కి కావలసింది మార్కులు కాదండీ. ఫలానా బార్‌లో ఫలానా చోట ఏం జరుగుతోందన్న కబురు కావాలి. అది రావాలంటే ప్రశ్న కూడా అంత చిన్నదిగానే ఉండాలి.

సంగీతం రానివాళ్ళని అడిగేటప్పుడు ‘నీ మనసు ఎక్కడ పక్కకి పోయింది?’ అని అడగండి. ఫోన్ వైపు చూడాలనిపించిన సమయం చెప్పమనండి, నిమిషం పదిహేను సెకన్లా, రెండు నిమిషాలా అని. మీ పీస్ నిడివి రెండు నిమిషాల నలభై సెకన్లు. అడిగి చూడండి, చాలామంది యాభై సెకన్లకీ నిమిషంన్నరకీ మధ్యే చెబుతారని నా అనుమానం. ఎందుకో కిందకొచ్చాక చెబుతాను. ఇంకో చిట్కా, విన్న అరగంట తర్వాత ‘ఏదన్నా ఒక ముక్క గుర్తుందా, కూనిరాగం తీసి వినిపించు’ అనండి. వాళ్ళు తీసిన ముక్కే మీ పీస్‌లో బతికున్న భాగం. తీసేటప్పుడు మీరు రాసినదాన్ని కొంచెం మార్చేస్తారు చూడండి, ఆ మార్పుని కూడా జాగ్రత్తగా వినండి. ఒక్కోసారి మీరు రాసినదానికన్నా వాళ్ళు పాడిందే సహజంగా ఉంటుంది.

వాయించడం వచ్చినవాళ్ళకి ఆడియో ఇవ్వకండి. కాయితం ఇవ్వండి. ముందు వినిపించకుండా, మీరేమీ చెప్పకుండా, చూసి వాయించమనండి. పక్కన కూర్చుని వాళ్ళ చేతులు చూడండి. ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ ఆగి మళ్ళీ చూసుకున్నారో అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. వాళ్ళ నోటితో చెప్పేదానికన్నా ఆ గీతలు ఎక్కువ చెబుతాయి. పెడల్ (స్వరాన్ని నిలిపి ఉంచే కాలి మీట) గుర్తులు మీరెక్కడా రాయలేదు కాబట్టి వాళ్ళు తమ ఇష్టం వచ్చినట్టు తొక్కుతారు, అప్పుడు మీ పీస్ మీకే కొత్తగా వినిపిస్తుంది. అదీ మంచిదే.

మీరు మాత్రం ఆ వాయించే పని ఇప్పటిదాకా సాఫ్ట్‌వేర్‌కి అప్పగించారు. సాఫ్ట్‌వేర్‌కి వేళ్ళు లేవు. తడబడదు, చెయ్యి చాలదనదు. మీరు మెల్లగా, గట్టిగా అని రాయకపోతే ప్రతి స్వరాన్నీ ఒకే బరువుతో కొట్టుకుంటూ పోతుంది. దానివల్ల మీ పీస్‌కి జరిగిన అన్యాయం ఒకటుంది, దాచిపెట్టిన తప్పు ఒకటుంది.

ముందు తప్పు సంగతి. 25వ బార్ నుంచి ఎడమచేతి కార్డ్స్‌ని ఆక్టేవ్ కిందికి దించానన్నారు. నొటేషన్‌లో చూస్తే అక్కడ ఏ, సీ, ఈ మూడూ దగ్గర దగ్గరగా, మిడిల్ సీకి (కీబోర్డు నడుమనున్న సీకి) రెండు ఆక్టేవ్‌ల కింద ఉన్నాయి. మామూలు 61 మెట్ల కీబోర్డు, ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే బటన్) ఏదీ నొక్కకుండా ఉంటే, మిడిల్ సీకి సరిగ్గా రెండు ఆక్టేవ్‌ల కింద ఉన్న సీ దగ్గర మొదలవుతుంది. మీరు రాసిన ‘ఏ’ దానికంటే కిందది. అంటే మీ కీబోర్డు మీద ఆ మెట్టే లేదు! ఎఫ్ కార్డ్‌లో అడుగునున్న ఎఫ్ ఇంకా కింద. మీ పీస్ రెండో సగాన్ని మీ చేతులతో మీరు ఒక్కసారి కూడా వాయించలేదన్నమాట. కాదంటే నమ్మను.

88 మెట్ల పియానో మీద వాయించి చూశాను. అక్కడ కార్డ్ వినిపించలేదు, బొంగురు వినిపించింది. కారణం ఇది. ఆ అడుగు ‘ఏ’ స్వరం సెకనుకి 55 కంపనాలు, దాని పక్కన సీ సుమారు 65. తేడా పది. అంత కింద అంత దగ్గరగా ఉన్న రెండు స్వరాలని మన చెవి విడివిడిగా పట్టుకోలేదు, రెండూ కలిసి ఒక గరగరగా తెలుస్తాయి. ఇదే ఏ, సీ జంటని రెండు ఆక్టేవ్‌లు పైన మోగిస్తే 220, 261. తేడా నలభై దాటింది కాబట్టి ఎంచక్కా రెండు స్వరాలుగా వినిపిస్తాయి. ఒక తీగ మోగితే దానిలోంచి సహజంగా పుట్టే స్వరాలు చూడండి, 55, 110, 165, 220, 275. అడుగున ఆక్టేవ్ ఎడం, ఆ పైన ఫిఫ్త్ (వరసలో అయిదో స్వరం దాకా ఎడం), ఆ పైన ఫోర్త్ (నాలుగోదాని దాకా), తర్వాత గానీ థర్డ్ (మూడోదాని దాకా) రాదు. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ ఇరుకు. ఎడమచేతి కార్డ్‌ని కూడా అలాగే పరచండి. అడుగున ఏ, దానిపై ఈ, అంతే. సీని ఒక ఆక్టేవ్ పైకి పంపండి. ఆ ఎడం ఒక్క చేతికి అందదు అంటారా? ఒకేసారి కొట్టకుండా ఏ, ఈ, సీ అని ఒకదాని తర్వాత ఒకటి విడగొట్టి, పెడల్ తొక్కి ఉంచండి. తర్వాతి కార్డ్ అడుగు స్వరం మోగిన క్షణంలోనే పెడల్ ఎత్తి వెంటనే మళ్ళీ తొక్కండి. ముందే ఎత్తితే మధ్యలో ఖాళీ వస్తుంది, ఆలస్యమైతే రెండు కార్డ్స్ కలగలిసిపోతాయి. మీకు కావలసిన బరువు ఇలా వస్తుంది. కీబోర్డులో ఉన్న చిన్న స్పీకర్లలో ఆ గరగర సరిగా వినపడదు కాబట్టి, నిజమైన పియానో ఉన్న చోట ఒక గంట దొరికితే మీ పీస్ తీసుకెళ్ళండి. వాయిద్యం కూడా అభిప్రాయం చెబుతుంది, అదీ మొహమాటం లేకుండా.

అన్యాయం సంగతి. ఏడో బార్‌లో మీ ట్యూన్ సీ నుంచి ఒక్కసారిగా పైనున్న ఏకి ఎగిరి, అక్కణ్ణుంచి జీకి దిగుతుంది. కింద మోగుతున్నది సీ కార్డ్, అందులో ఉన్నవి సీ, ఈ, జీ. ఏ అందులో లేదు. లేని స్వరం మీదకి ఎగిరి, రెండు బీట్లు అక్కడే నిలబడి, తర్వాత ఉన్న స్వరం మీదకి దిగారు. ఆ రెండు బీట్లూ ఒక చిన్న నొప్పి, జీ మీద హాయి. ఇది మీరు థియరీ చదివి చెయ్యలేదు, చెవి చెబితే చేశారు. మొత్తం పీస్‌లో నేను రెండోసారి వెనక్కెళ్ళి విన్నది ఈ బార్ ఒక్కటే. సాఫ్ట్‌వేర్ మాత్రం ఏనీ జీనీ ఒకే బరువుతో కొట్టేసింది. మీరు చేత్తో వాయిస్తే ఏ మీద కొంచెం ఒత్తి, జీని మెత్తగా వదులుతారు. ఎవరికన్నా ఆడియో పంపాలంటే మీరు వాయించిందే పంపండి, ఒకటి రెండు తప్పు మెట్లు పడ్డా సరే. ఫోన్‌తో రికార్డు చేసినది చాలు.

అయితే ఆ ఎగురుడు 7వ బార్‌లో ఉంది, 11లో ఉంది, 15లో ఉంది, అలా 47 దాకా నాలుగేసి బార్లకోసారి, పదకొండు సార్లు ఉంది. అక్షరం మారకుండా! మీ దగ్గరున్న ఒకే ఒక్క నగని పదకొండుసార్లు పెట్టె తీసి చూపించారు. మూడోసారికి కళ్ళు చెదరడం మానేస్తాయి. పైన నేను యాభై సెకన్లు అన్నది ఇందుకే, సుమారుగా అక్కడికి ట్యూన్ మూడుసార్లు అయిపోతుంది.

తిరగడం తప్పని నేను అనడం లేదు, జాగ్రత్తగా వినండి. జర్మన్ సంగీతకర్త బాహ్ 1722లో కూర్చిన సంపుటిలో మొట్టమొదటి ప్రెల్యూడ్, సీ మేజర్‌ది, మీరు వినే ఉంటారు. 35 బార్లలో మొదటి 32 బార్లూ ఒకటే అల్లిక. ఒక్కో బార్‌లో అదే అల్లిక రెండేసిసార్లు కూడా. పాడుకోవడానికి ట్యూన్ అంటూ లేదు. అయినా విసుగు రాదు, ఎందుకంటే అల్లిక కదలకుండా ఉంటే లోపల కార్డ్స్ కదులుతూ ఉంటాయి. మీ దగ్గర అల్లికా కదలదు, కార్డ్సూ కదలవు, ట్యూనూ కదలదు. మూడిట్లో ఒకటి కదిపితే చాలు.

ఏది కదపాలో నేను చెప్పకూడదు, పీస్ మీది. కానీ మీ స్థానంలో ఉంటే రెండు పనులు చేసి చూస్తాను. ఒకటి, ఆ ఎగురుడుని దాచుకుంటాను. 7వ బార్‌లో సీ నుంచి ఈ దాకానే వెళ్ళి ఊరుకుంటాను, 11లో అలాగే. 15లో మొదటిసారి ఏకి ఎగురుతాను. చిట్టచివర్లో ఎక్కడో ఒక్కసారి ఆక్టేవ్ పైనున్న సీ దాకా. రెండు, 25 నుంచి 32 దాకా ఎనిమిది బార్లు ఆ నాలుగు కార్డ్స్‌ని వదిలేసి డీ మైనర్, ఏ మైనర్, డీ మైనర్, ఈ మేజర్ లాంటి చోటికి పోయి, 33లో ఇంటికొస్తాను. అలా వెళ్ళొస్తే పాత ట్యూనే కొత్తగా వినిపిస్తుంది. ఇంకో సంగతి, అక్కడ ఈ మేజర్‌తో జీ షార్ప్ ఒకసారి వినిపించి ఉంటుంది కాబట్టి, చివర్లో వచ్చేది మరీ ఖణేల్మనకుండా ఒదిగిపోతుంది.

ఇప్పుడు పారలెల్ ఫిఫ్త్స్. ఆ అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు. మీ ఎడమచేతిలో నాలుగు కార్డ్సూ ఒకే ఆకారంలో, మూల స్వరం అడుగున పెట్టుకుని, చెయ్యి ఎత్తి ఎత్తి గెంతుతున్నాయి. కాబట్టి అడుగు స్వరం, పై స్వరం ఎప్పుడూ ఫిఫ్త్ దూరంలోనే కలిసి నడుస్తాయి. అయితే ఆ నియమం వచ్చింది గొంతుల కోసం రాసే సంగీతంలోంచి. నలుగురు పాడుతుంటే నాలుగు గొంతులూ దేని దారి దానిదన్నట్టు వినిపించాలి, రెండు గొంతులు ఫిఫ్త్ దూరంలో అంటిపెట్టుకుని నడిస్తే ఒకటైపోయినట్టుంటుంది, అందుకని వద్దన్నారు. 1725లో ఫుక్స్ అనే సంగీతకర్త రాసిన పాఠ్యగ్రంథం దాన్ని తరతరాల విద్యార్థులకి నేర్పింది. అదే పనిగా కార్డ్స్‌కి కార్డ్స్‌నే సమాంతరంగా జరిపి పియానో మీద అద్భుతాలు చేసిన ఫ్రెంచ్ సంగీతకర్త డెబ్యూసీ కూడా ఉన్నాడు. మీరు నాలుగు గొంతులకి రాయలేదు, కాబట్టి అది మీకు నేరం కాదు. ‘థియరీ చదువు’ అనేవాళ్ళు ఏ పేజీ అన్నది చెప్పరు, అదీ వాళ్ళతో చిక్కు.

కానీ ఆ మాట వెనకాల ఒక నిజమైన ఇబ్బంది ఉంది, దాన్ని మనం వదులుకోకూడదు. గెంతులు. ఎఫ్ నుంచి సీకి, సీ నుంచి జీకి చెయ్యి లేచి పడుతున్నప్పుడల్లా ట్యూన్ ఊపిరి తెగుతోంది. ఇలా పట్టి చూడండి. ఏ, సీ, ఈ. తర్వాత ఏ, సీ అలాగే ఉంచి ఈ మీదున్న వేలు మాత్రం ఎఫ్‌కి జరపండి, అది ఎఫ్ కార్డ్. తర్వాత సీ అలాగే ఉంచి, ఏని జీకి, ఎఫ్‌ని ఈకి దించండి, సీ కార్డ్. తర్వాత జీ ఉంచి, సీని బీకి, ఈని డీకి దించండి, జీ కార్డ్. చెయ్యి కీబోర్డు మీంచి లేవదు. ఏ వేలూ పక్క తెల్ల మెట్టు దాటదు. పోయేదీ ఒకటుంది. ఎఫ్ కార్డ్‌కి అడుగున ఎఫ్ ఉండదు, సీ కార్డ్‌కి అడుగున సీ ఉండదు, కాబట్టి కొంచెం తేలిగ్గా వినిపిస్తుంది. మొదటి సగానికి ఈ తేలిక బాగుంటుంది, రెండో సగంలో మూల స్వరాలు అడుగున పెట్టి బరువు తెచ్చుకోవచ్చు. ఆక్టేవ్ దించకుండానే మీరనుకున్న తేడా వచ్చేస్తుంది.

ఎవరి మాటైనా ఇలాగే వడగట్టాలి. ‘ఇక్కడ ఏదో తేడాగా ఉంది’ అంటే నమ్మండి, విన్నవాళ్ళ చెవి వాళ్ళది. ‘కాబట్టి ఇలా మార్చు’ అన్నదాన్ని మాత్రం పక్కన పెట్టుకుని తీరిగ్గా చూడండి, పైన నేనిచ్చినవాటితో సహా. ఒకరికొకరు తెలియని ఇద్దరు అదే బార్ దగ్గర మొహం చిట్లిస్తే ఇక ఆలోచించకుండా ఆ బార్ తెరవండి.

రష్యన్ సంగీతకర్త చైకోవ్‌స్కీ కథ ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు, చెప్పకపోతే రేపో మాపో చెబుతారు. 1874 డిసెంబరులో తన మొదటి పియానో కాన్చెర్టోని (పియానోకీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన పెద్ద పీస్‌ని) నికొలాయ్ రూబిన్‌స్టీన్ అనే పియానిస్టుకి వాయించి వినిపిస్తే, ఆయన పనికిరాదని, వాయించడానికి వీల్లేదని ఉతికి ఆరేశాడు. ఒక్క స్వరం కూడా మార్చనని చైకోవ్‌స్కీ భీష్మించుకున్నాడు. మరుసటేడు అక్టోబరులో బ్యూలో అనే పియానిస్టు బోస్టన్‌లో వాయిస్తే జనం నీరాజనం పట్టారు. ఆ తర్వాత రూబిన్‌స్టీన్ కూడా మనసు మార్చుకుని దాన్ని వాయించాడు. విమర్శకుల్ని లెక్కచెయ్యొద్దని చెప్పడానికి ఈ కథ ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. మిగతా సగం ఏమిటంటే, తర్వాతి ఏళ్ళలో చైకోవ్‌స్కీ దాన్ని మార్చాడు. మొదట్లో పియానో ఢాం ఢాం అంటూ కింది నుంచి పైకి మోగించే కార్డ్స్ ఉన్నాయే, దాన్ని తలుచుకోగానే ఎవరికైనా గుర్తొచ్చేవి, అవి మొదటి ప్రతిలో అలా లేవు. అక్కడ కార్డ్స్‌ని విడగొట్టి జార్చినట్టు రాశాడు. కోపం తగ్గాక, వాయించేవాళ్ళ చేతుల్లో విన్నాక మార్చుకున్నాడు. మీరు వారం రోజులు కీబోర్డు ముట్టుకోకపోవడంలోనూ తప్పేం లేదు లెండి.

అడిగేటప్పుడు ఏం రాయాలో కూడా అడిగారు. ఇలాంటిది చాలు: ‘ఇది నా మొదటి పీస్, ఇంకా మారుస్తున్నాను. మొదటి 16 బార్లే పంపుతున్నాను, నిమిషం కూడా పట్టదు. నేను వాయించిన రికార్డింగ్, బార్ నంబర్లు వేసిన నొటేషన్ జత చేశాను. నాకు రెండు విషయాలు తెలియాలి. ట్యూన్ రెండోసారి వచ్చేటప్పటికి విసుగొస్తోందా? ఎడమచెయ్యి ట్యూన్‌ని మింగేస్తోందా? కార్డ్స్ నాలుగే ఉండటం నేను కావాలని చేసింది, దాన్ని గురించి వద్దు.’ ఆఖరి వాక్యం రాయడానికి జంకకండి. ఏది చర్చకి లేదో ముందే చెప్పేస్తే చూసేవాళ్ళకీ పని తేలిక. ఒకేసారి పదిమందికి పంపకండి. ఒకరికి పంపి, మార్చి, మార్చిన ప్రతిని ఇంకొకరికి పంపండి. పాత ప్రతి చెరపకండి, తేదీ వేసి దాచండి.

జవాబొచ్చాక ‘నా ఉద్దేశం అది కాదు’ అని వాదించడం మొదలుపెడితే, ఆ మనిషి రెండోసారి నిజం చెప్పరు. అడగదలిస్తే ‘ఏ బార్ దగ్గర?’ అని ఒక్కటి అడగండి.

ప్రశ్న: నేను కట్టిన ట్యూన్ ఎక్కడో విన్నట్టుందని ఇద్దరన్నారు. ఏ పాటో వాళ్ళకీ గుర్తు రావడం లేదు, నాకూ తట్టడం లేదు. పడేయాలా?

జవాబు: వద్దు. ముందు ఎడమచెయ్యి తీసేసి ఉత్త ట్యూన్ వాయించి అదే ఇద్దరికీ వినిపించండి. ఇప్పుడు విన్నట్టు లేదంటే, వాళ్ళు గుర్తుపట్టింది కార్డ్స్ వరసని. మీరు వాడిన వరస మీద వందలకొద్దీ పాటలున్నాయి, అది ఎవరి సొత్తూ కాదు. ఉత్త ట్యూన్ కూడా విన్నట్టే ఉందంటే మాత్రం స్వరాలు అలాగే ఉంచి నడక మార్చండి. మొదటి స్వరాన్ని బార్ మొదట్లో కాకుండా అర బీటు ఆలస్యంగా ఎత్తుకోండి, పొడవుగా ఉన్నదాన్ని పొట్టి చెయ్యండి. మనం ట్యూన్‌ని గుర్తుపట్టేది స్వరాల కంటే ముందు నడకతోనే. తలుపు మీద వేలితో ఉత్త తాళం కొట్టినా ఫలానా పాట అని చెప్పేసేవాళ్ళు ఉంటారు కదా. నడక మార్చాక కూడా అదే పాట గుర్తొచ్చి, ఈసారి పేరుతో సహా తట్టిందంటే, అప్పుడది అభ్యాసం కింద దగ్గరుంచుకోండి, మీ పేరు వెయ్యకండి.

ప్రశ్న: నాకు నొటేషన్ రాయడం రాదు, చెవితోనే కట్టాను. కీబోర్డుని కంప్యూటర్‌కి తగిలించి వాయిస్తే సాఫ్ట్‌వేర్ దానంతటదే రాసింది గానీ, చూసినవాళ్ళెవరూ వాయించలేమంటున్నారు. నా పీస్ అంత కష్టమైనదా?

జవాబు: పీస్ కష్టమైనది కాదు, ఆ రాత కష్టమైనది. మీరు మెట్రోనోమ్ లేకుండా వాయించి ఉంటారు. మీరు ఒక మెట్టు మీద వెంట్రుకవాసి ఆలస్యం చేస్తే మనిషి చెవి దాన్ని భావం అనుకుంటుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని ముప్పై రెండో వంతు విరామం అనుకుని నమ్మకంగా రాసిపెడుతుంది. కాయితం నిండా ముళ్ళకంప. మెట్రోనోమ్ పెట్టుకుని, మీ మామూలు వేగంలో సగానికి, భావం గీవం లేకుండా మొద్దుగా వాయించి మళ్ళీ రికార్డు చెయ్యండి. రాసే ముందు సాఫ్ట్‌వేర్‌లో క్వాంటైజ్ అనే చోట ఎనిమిదో వంతు స్వరం కంటే చిన్నది రాయొద్దని పెట్టండి. మీ పీస్‌లో అంతకన్నా చకచకా పోయే చోటుంటే పదహారో వంతు. కుడిచెయ్యి ఒకసారి, ఎడమచెయ్యి ఒకసారి విడివిడిగా ఎక్కించండి, లేకపోతే మిడిల్ సీ దగ్గర ఏది ఏ చేతిదో అది ఊహించి తప్పు గీతల మీద వేస్తుంది. వేగం, పెడల్, ఎక్కడ మెల్లగా ఎక్కడ గట్టిగా అన్నవి ఆఖర్న చేత్తో చేర్చండి. ఆ కాయితంతో పాటు మీరు మామూలుగా, భావంతో వాయించిన రికార్డింగ్ కూడా దగ్గర పెట్టుకోండి, కాయితం చూసి ఒకసారి వాయించాక వాళ్ళకి వినిపించవచ్చు.